పద్యాల రికార్డుల గురించి బాబాయిగారికి

ఎర్లాంగెన్, జర్మనీ
డిసెంబరు 2025

పూజ్యులైన బాబాయిగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ, పిన్నిగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం అందింది. తాతగారు కూడబెట్టిన పద్యాల రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించాలని మీరు అనుకోవడం, దానికి ముందుగా సీడీ కంటే సూక్ష్మంగా నమోదైన ధ్వనిని వినిపించే ‘హై రిజల్యూషన్’ ప్లేయరు ఒకటి కొనాల్సిందేనని తమ్ముడు రవి పట్టుబట్టడం, ధర విని మీరు వెనకాడడం, అన్నీ చదివాను. కొనవద్దని ఒక్క ముక్కలో రాసి ఊరుకోవచ్చు. కానీ ఆ ఖర్చు ఎందుకు అనవసరమో, అదే డబ్బు ఎక్కడ పెడితే సంగీతానికి మేలు జరుగుతుందో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. వినికిడి యంత్రాలు తయారుచేసే చోట పనిచేస్తూ రోజంతా చెవి గురించే ఆలోచించేవాణ్ణి కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థల కాంపాక్ట్ డిస్కు, అదే సీడీ, బజారులోకి వచ్చింది. అందులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు, ఒక్కొక్క కొలతనూ 16 బిట్లలో, అంటే 0, 1 అంకెల పదహారు స్థానాల్లో రాస్తారు. మనిషి చెవి, అదీ చిన్నపిల్లల చెవి, మహా అయితే సెకనుకు 20,000 కంపనాల వరకు వింటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పై హద్దు దిగిపోతూ ఉంటుంది. ఒక ధ్వనిలో ఉన్న అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు దాన్ని కొలిస్తే, ఆ కొలతల నుంచి అసలు తరంగాన్ని యథాతథంగా తిరిగి నిర్మించవచ్చని నైక్విస్ట్, షానన్‌ల పేర్లమీద ఉన్న సిద్ధాంతం చెబుతోంది. అది గణితంలో నిరూపణ అయిన సంగతి. డిజిటల్ ధ్వని మెట్లుమెట్లుగా తెగిపోయి ఉంటుందనీ, కొలతకూ కొలతకూ మధ్య సంగీతం జారిపోతుందనీ ప్రకటనల్లో వేసే బొమ్మ తప్పు. ఇక 16 బిట్లతో అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెళ్ల వ్యాప్తి లభిస్తుంది. అందరూ మళ్ళీ మోజుపడుతున్న ఎల్పీ రికార్డు 70 డెసిబెళ్లు దాటడమే కష్టం.

అంతకు మించి వినిపిస్తుందా లేదా అన్న వాదం మాత్రం శాస్త్రజ్ఞుల మధ్య నిజంగానే జరిగింది, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. అమెరికాలోని బోస్టన్‌లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు 2007లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. హై రిజల్యూషన్ ధ్వనిని ఒకసారి నేరుగా, మరొకసారి సీడీ స్థాయికి కుదించి వినిపించి, ఏది ఏదో చెప్పకుండా గుర్తుపట్టమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరైన జవాబు వచ్చింది. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. తరువాత 2016లో లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ అటువంటి 18 అధ్యయనాలను కలిపి, 12,500కు పైగా ప్రయత్నాలను లెక్కగట్టి చూస్తే, సరైన జవాబులు 52.3 శాతమని తేలింది. ముందుగా శిక్షణ పొందిన శ్రోతలు ఇంకాస్త మెరుగ్గా గుర్తుపట్టారు. అంటే భేదం బొత్తిగా లేదని ఎవరూ అనలేరు. ఉన్నా అది ప్రయోగశాలలో వేల ప్రయత్నాల మీద తప్ప బయటపడనంత స్వల్పం. శాస్త్రంలో ఇటువంటి ప్రశ్న పదేళ్లు నలగడం ఆరోగ్యకరమే. నాకు బాధ కలిగించేది, ఆ 52.3 శాతాన్ని పట్టుకొని పింఛను మీద బతికే పెద్దవారికి నెల జీతమంత ఖరీదు గల పరికరాన్ని అంటగట్టడం.

చెవికి నిజంగా తెలిసే తేడాలు వేరేచోట ఉన్నాయి. మైకు ఎక్కడ పెట్టారు, గది ఎలా మోగింది, చివరి మెరుగు దిద్దినవారు ఎంత సంయమనం పాటించారు అన్నవి సంఖ్యల కంటే వందరెట్లు ముఖ్యం. గత ముప్పై ఏళ్లలో ప్రతి ఆల్బమూ పక్కదానికంటే గట్టిగా వినిపించాలన్న పోటీలో మెల్లని ధ్వనికీ గట్టి ధ్వనికీ ఉండే అంతరాన్ని నలిపేశారు. పాత పాటలను కొత్తగా విడుదల చేసినప్పుడు కూడా అదే చేశారు. మీ దగ్గరున్న పాత క్యాసెట్టులో గొంతు సజీవంగా ఉండి, ఫోనులో వచ్చే అదే పాట అలసటగా అనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక నేనుంటున్న ఈ ఎర్లాంగెన్ ఊరి సంగతి మీకు చెప్పి తీరాలి. పాటలను చిన్న ఫైళ్లుగా కుదించే ఎంపీ3 పద్ధతి పుట్టింది ఇక్కడే. ఇక్కడి విశ్వవిద్యాలయంలో డీటర్ జైట్సర్ అనే ఆచార్యుడు టెలిఫోను తీగల మీద సంగీతం పంపవచ్చని తలపెట్టినప్పుడు అది అసాధ్యమని పేటెంటు కార్యాలయం అడ్డుచెప్పిందట. ఆయన శిష్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థలోని సహచరులు కలిసి దాన్ని సాధ్యం చేశారు. కిటికీ పక్కనుంచి రైలు పోతున్నప్పుడు గదిలో గుసగుస వినిపించదు కదా. అలాగే సంగీతంలో ఒక పెద్ద స్వరం దాని పక్కనున్న చిన్న స్వరాలను చెవికి అందకుండా కప్పేస్తుంది. ఎలాగూ వినిపించని ఆ భాగానికి బిట్లు ఖర్చుపెట్టకపోవడమే వారి పద్ధతి. సెకనుకు 1,411 కిలోబిట్లున్న సీడీ ధ్వని 128కి, అంటే పదకొండో వంతుకు దిగింది. వాద్యాలేమీ లేకుండా అమెరికా గాయని సుజాన్ వేగా పాడిన ఒక పాట మొదట ఈ యంత్రంలో ఘోరంగా పాడైతే, ఒంటరి మానవ స్వరం నిలబడేవరకు బ్రాండెన్‌బర్గ్ ఆ పాటనే మళ్ళీ మళ్ళీ వింటూ సరిదిద్దారు. విజ్ఞానశాస్త్రం సంగీతానికి చేసిన గొప్ప సేవల్లో ఇది ఒకటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అయితే డబ్బు లెక్క చూడండి. పేటెంటు గడువు ముగిసి 2017లో లైసెన్సుల కార్యక్రమాన్ని ఆపేవరకు, ఎంపీ3 ప్లేయరు తయారుచేసే కంపెనీలు ఒక్కొక్క పరికరానికి ఇంత అని రుసుము చెల్లిస్తూ వచ్చాయి. ఆ ఇంజనీర్లకు అది న్యాయంగా దక్కవలసిన సొమ్ము, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ అదే కాలంలో, 1999లో ఇంటర్నెట్టులో పాటలు ఒకరికొకరు పంచుకునే నాప్‌స్టర్ వచ్చినప్పటి నుంచి, ఆ పరికరాల్లో నిండిన పాటలు చాలావరకు ఉచితంగా చేతులు మారాయి. పాడినవారికీ రాసినవారికీ పైసా రాలేదు. ప్రపంచమంతా అమ్ముడుపోయే కోట్ల పరికరాలను లెక్కపెట్టి, ఒక్కొక్కదాని నుంచి కొద్ది మొత్తం వసూలుచేసి, సృష్టించినవారికి చేర్చడం సాధ్యమేనని ఈ ఊరే నిరూపించింది. కాబట్టి పాటకు లెక్కకట్టడం సాంకేతికంగా కష్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కష్టం సాంకేతికతది కాదు, ఒప్పందాలు రాసుకున్నవారిది.

ఈనాటి స్ట్రీమింగ్ ఒప్పందాలనే తీసుకోండి. చందాదారులందరి సొమ్మూ ఒకచోట పోసి, సుమారు 30 శాతం వేదిక ఉంచుకొని, మిగిలినది మొత్తం వినికిళ్లలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. మీరు నెలంతా పౌరాణిక పద్యాలే విన్నా మీ చందాలో ఎక్కువభాగం ఆ నెల దేశమంతా మోగిన సినిమా పాటలకు పోతుంది. ఒక్కొక్క శ్రోత చందాను ఆ శ్రోత విన్నవారికే పంచాలన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉంది. సౌండ్‌క్లౌడ్ అనే స్ట్రీమింగ్ వేదిక 2021లో అటువంటి పద్ధతి మొదలుపెట్టింది. అదే సంవత్సరం ఫ్రాన్సులో జరిగిన అధ్యయనం ఈ మార్పువల్ల శాస్త్రీయ సంగీతానికి వాటా పెరుగుతుందనీ, అయితే చిన్న కళాకారులకు సగటున ఏడాదికి కొద్ది యూరోలకు మించి ఒరగదనీ చెప్పింది. ఆ రెండో మాట విని చాలామంది ప్రతిపాదననే వదిలేశారు. నేను వదలను. మొత్తం చిన్నదైనా, నేను కట్టిన డబ్బు నేను విన్నవారికి చేరడం న్యాయం. మరోవైపు స్పాటిఫై అనే మరో వేదిక 2024 నుంచి, గడచిన పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు వినబడని రికార్డింగుకు అసలు ప్రతిఫలమే ఇవ్వడం లేదు. హరికథ, బుర్రకథ, పద్యం వంటి కళలకు వెయ్యి అన్నది పెద్ద గడపే.

మన దగ్గర కూడా ఈ వివాదం నడిచింది కదా. 2017 మార్చిలో అమెరికా పర్యటనలో ఉన్న బాలసుబ్రహ్మణ్యంగారికి, తన స్వరకల్పనలు అనుమతి లేకుండా వేదికలపై పాడరాదని ఇళయరాజాగారి నుంచి లాయరు నోటీసు వచ్చినప్పుడు ఇక్కడి మనవాళ్ళు చాలామంది నొచ్చుకున్నారు. ఇద్దరూ మనకు ఆప్తులే కనుక ఆ బాధ సహజం. కానీ స్వరకర్తకు రుసుము రావాలన్న సూత్రం సరైనదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కట్టవలసింది టిక్కెట్లు అమ్మిన నిర్వాహకులు, నోటీసు అందుకోవలసిందీ వారే. జర్మనీలో మన తెలుగువాళ్ళం ఉగాది వేడుక జరుపుకొని వేదికపై పాటలు పాడినా, ఆ జాబితా గెమా అనే హక్కుల సంఘానికి ఇచ్చి రుసుము చెల్లించాలి. ఎవరూ దాన్ని అవమానంగా భావించరు. హిందీ గీతరచయిత జావేద్ అఖ్తర్ వంటివారి పట్టుదలవల్ల 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించి, సినిమాహాలు బయట జరిగే వినియోగంలో గీతరచయితకూ స్వరకర్తకూ వచ్చే రాయల్టీని ఎవరూ రాయించుకోలేకుండా చేశారు. ఆ సవరణ గురించి మన పత్రికలు రాసింది చాలా తక్కువ. ప్రతి కొత్త రచయితా సంతకం పెట్టేముందు చదవవలసిన భాగం అది.

కృత్రిమ మేధ గురించి అడిగారు. 2024లో రెహమాన్‌గారు గతించిన ఇద్దరు గాయకుల గొంతులను యంత్రం సాయంతో ఒక తమిళ పాటలో పలికించినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకొని ప్రతిఫలం ఇచ్చామని ప్రకటించారు. అదే రోజుల్లో ఒక తెలుగు సినిమాలో తమ తండ్రిగారి గొంతును అనుమతి లేకుండా సృష్టించారని బాలుగారి కుటుంబం నోటీసు పంపింది. సాంకేతికత రెండుచోట్లా ఒకటే. అడిగారా లేదా అన్నదే తేడా. పోయిన నెల 11న మ్యూనిక్ కోర్టు, జర్మన్ పాటల సాహిత్యాన్ని చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ కృత్రిమ మేధ నమూనాలు లైసెన్సు లేకుండా తమలో నిలుపుకోవడం హక్కుల ఉల్లంఘనేనని గెమా పక్షాన తీర్పు చెప్పింది. పై కోర్టుకు వెళ్ళే వీలుంది కనుక అదే చివరి మాట కాకపోవచ్చు. అయినా ఆ తీర్పు విని నేను సంతోషించాను.

ఇక మన రికార్డుల సంగతి. వినడానికి అక్కరలేదన్న హై రిజల్యూషన్ భద్రపరచడానికి మాత్రం పనికొస్తుంది: గీతల చప్పుడు తొలగించేటప్పుడు, ధ్వని స్థాయి సరిదిద్దేటప్పుడు అదనపు బిట్లు అవసరమౌతాయి. కనుక ఎక్కించేవారిని 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 96,000 కొలతలతో ఎక్కించమనండి. తాతగారివి లక్క రికార్డులు. వాటి గాడి ఎల్పీ గాడికి దాదాపు మూడింతలు వెడల్పు, అందుచేత నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ రికార్డులకు తగిన ముల్లు లేనివారికి ఇవ్వవద్దు. పాత గ్రామఫోను మీద ఇనుప ముల్లుతో ఇక వేయకండి, గాడి అరిగిపోతుంది. తుడవడానికి డిస్టిల్డ్ వాటరు చాలు. స్పిరిటు తగిలితే లక్క కరిగిపోతుంది. ఖర్చు నేను పంపుతాను.

వాటిని నలుగురికీ వినిపించవచ్చా అని కూడా అడిగారు. మన చట్టంలో రికార్డింగుకు రక్షణ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 సంవత్సరాలు, కాబట్టి 1964 వరకు విడుదలైనవాటికి అది తీరిపోయింది. పద్యాలకు మాత్రం కవి మరణం తరువాత 60 ఏళ్లు లెక్క. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్లవారు 1950లో గతించారు కనుక వారి పద్యాలకు అడ్డంకి లేదు; మిగిలిన కవుల సంగతి విడివిడిగా చూడాలి.

ఒక్క పని మాత్రం మీరే చేయాలి. 1902లో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ రికార్డుకు పాడి, చివర తన పేరు తానే గట్టిగా చెప్పింది. ఆ రికార్డులను జర్మనీలోని హానోవర్‌లో అచ్చువేసేవారు, అక్కడివారికి గొంతు ఎవరిదో తెలియడానికే అలా చెప్పించేవారని అంటారు. ఈనాడు ఫోనులో మన పద్యం వెతికితే పాడినవారి పేరే సగం సార్లు ఉండదు, హార్మోనియం వాయించినవారి సంగతి సరేసరి. పేరు లేనిచోట వాటా అడిగేవారూ ఉండరు. అందుకని ప్రతి రికార్డు మీదా ఉన్న సంఖ్య, కంపెనీ, గాయకుడు, నాటకం, మీకు గుర్తున్నంతవరకు హార్మోనిస్టు పేరు ఒక నోటుపుస్తకంలో రాయండి. చీటీ చిరిగిపోయినవాటిని మీరు విని గుర్తుపట్టాలి, ఆ గొంతులు తెలిసినవారు మన ఇంట్లో ఇక మీరొక్కరే. రవిచేత పేజీలు ఫొటో తీయించి పంపిస్తే నేను ఇక్కడ పట్టికగా ఎక్కిస్తాను. సురభి వారివి కూడా రెండో మూడో ఉండాలి, వాటితో మొదలుపెట్టండి.

పిన్నిగారికి నా నమస్కారాలు, రవికి ఆశీస్సులు.

ఇట్లు
మీ శ్రీనివాసు