జిసెల్ చూసి వచ్చి రాస్తున్న ఉత్తరం

లండన్, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయలేదు, క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. ఇల్లు మారాము, పాపకు రెండు పళ్లు వచ్చాయి, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మిగతా కబుర్లు ఇంకోసారి రాస్తాను. నిన్న రాత్రి సాడ్లర్స్ వెల్స్ థియేటర్లో చూసినది నీకు చెప్పేదాకా నాకు మరో పని మీద మనసు నిలవదు.

ఇంగ్లిష్ నేషనల్ బాలే సంస్థ కోసం అక్రమ్ ఖాన్ కొత్తగా కూర్చిన ‘జిసెల్’ నృత్యనాటకం చూశాను. ఆయన లండన్లోనే పుట్టినవాడు, తల్లిదండ్రులది బంగ్లాదేశ్, చిన్ననాటి నుంచి ఉత్తరాది నాట్యమైన కథక్ నేర్చుకున్నవాడు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడ గురించి మాస్టారి అరుగు మీద మనం పోట్లాడుకున్న సాయంత్రం గుర్తుందా? ఒక్క ముడి మార్చినా సత్యభామ సత్యభామ కాకుండా పోతుందని నువ్వు అన్నావు. రాత్రంతా ఆ మాటకు జవాబు వెతుక్కుంటూనే కూర్చున్నాను.

పాత కథ రెండు మాటల్లో చెబుతాను. 1841లో పారిస్ ఒపేరాలో ఆడాం సంగీతంతో మొదటిసారి ఆడిన నాటకమిది. జిసెల్ అనే పల్లెటూరి పిల్ల, మారువేషంలో వచ్చిన ఆల్బ్రెక్ట్ అనే దొరబిడ్డను ప్రేమిస్తుంది. అతనికి ఇదివరకే పెళ్లి కుదిరిందని తెలిసి మతి చలించి చనిపోతుంది. ప్రేమలో మోసపోయి చనిపోయిన కన్యలు విలీలనే దయ్యాలై, అడవిలోకి వచ్చిన మగవాళ్లను ప్రాణం పోయేదాకా ఆడిస్తారు. వాళ్ల రాణి మిర్తా చేతికి చిక్కిన ఆల్బ్రెక్ట్‌ను జిసెల్ తెల్లవారేదాకా కాపాడుతుంది.

2016లో మాంచెస్టర్లో మొదలైన ఈ కొత్త రూపంలో పల్లె లేదు, ద్రాక్షతోట లేదు. మూతపడిన బట్టల ఫ్యాక్టరీలో పని పోయిన వలసకూలీలు ఒకవైపు, యజమానులు మరోవైపు, మధ్యలో టిమ్ యిప్ రూపొందించిన మహా గోడ. తెర లేచేసరికి కూలీలందరూ మనకు వీపులు పెట్టి, అరచేతులు ఆనించి ఆ గోడను తోస్తూ ఉంటారు. దాని మీద చేతి ముద్రలు కనిపిస్తాయి. తర్వాత మిల్లు సైరన్ లాంటి కూత ఒకటి మోగుతుంది, గోడ ఇరుసు మీద తిరుగుతుంది, వెలుగు కళ్లలో పడుతుంది, ఆ వెలుగులోంచి యజమానులు వస్తారు. ఒంటి మీద బరువైన పట్టుబట్టలు. వాళ్లు దాదాపు ఆడరు, నడుస్తారు, నిలబడతారు, చూస్తారు. పాత నాటకంలో దొరసాని గౌను అంచును జిసెల్ ఆశగా తాకే ఘట్టం ఒకటుంది. ఇక్కడ ఆ చేతిని చూసినప్పుడు, ఈ బట్ట కుట్టింది ఈ చేతులే కదా అనిపించి నాకు గొంతు పట్టేసింది.

హిలారియన్ గురించి కూడా చెప్పాలి. పాత కథలో అతను ఈర్ష్యపడే అడవి కాపరి మాత్రమే. ఇక్కడ అటువాళ్లకూ ఇటువాళ్లకూ మధ్య బేరాలు కుదిర్చే మనిషి, మన ఊళ్లో కూలీలను తోలుకెళ్లే మేస్త్రీ అనుకో. చూడగానే మనిద్దరికీ తెలిసిన ఆ గళ్ల కండువా మనిషి గుర్తొచ్చాడు, పేరు రాయను.

ఇక అసలు సంగతి కాళ్లది. బాలేలో వేళ్ల కొసల మీద నిలబడడం ఎందుకు? అమ్మాయి గాలిలో తేలుతున్నట్టు కనిపించడానికని మనం చదువుకున్నాం. అక్రమ్ ఖాన్ మొదటి అంకమంతా పాదాలను నేల మీదే ఉంచాడు, కథక్ చక్కర్లు, మడమ దరువులు, గుంపుగా పరుగులు. రెండో అంకంలో, పాడుబడిన ఫ్యాక్టరీలో, జుట్టు విరబోసుకుని, చేతుల్లో పొడవాటి బెత్తాలతో, ఫ్యాక్టరీ పని చేసి చచ్చిపోయిన ఆడవాళ్లే విలీలై వస్తారు. అప్పుడు లేస్తారు వేళ్ల మీదకు. తేలడం లేదు, మిత్రమా. నేలను గుచ్చుతున్నారు. కర్రలు ఒక్కసారిగా నేలను తాకిన చప్పుడు నా కుర్చీలోకి వచ్చింది. కూచిపూడి తరంగం ఆడుతుంటే పళ్లెం అంచు మీద నీ పాదం వణికిన ఆ రోజు నువ్వు చెప్పావు చూడు, మడమ దిగితే దేవుడు దిగిపోయినట్టుంటుందని, ఆ మాట వాళ్ల మడమల్లో కనిపించింది.

సంగీతం విన్చెంజో లామాన్యా చేశాడు. యంత్రాల హోరు కింద ఎక్కడో ఆడాం పాత స్వరాలు లేచి మళ్లీ మునిగిపోతాయి. పాతది పోలేదు, చూడు, లోపల ఉంది. అయితే ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు: జిసెల్ ఎలా చనిపోయిందో గుంపు మధ్య కనపడదు. మతి చలించే ఘట్టం కోసం ఎదురుచూసిన నాకు అది లోటే. కానీ ఇంటికి వస్తూ ఆలోచిస్తే, అలాంటి చావులు నిజంగానే ఎవరికి కనిపిస్తాయి...

ఇంటికొచ్చి పాప గౌను మడతపెడుతూ మెడ దగ్గర చీటీ చూశాను. బంగ్లాదేశ్. 2013 ఏప్రిల్ 24న ఢాకా పక్కన సావర్లో రాణా ప్లాజా కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది బట్టలు కుట్టేవాళ్లే. ఆ గౌను చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

చివర్లో జిసెల్ అతన్ని క్షమించి వెళ్లిపోతుంది, గోడ మూసుకుంటుంది, ఆల్బ్రెక్ట్ ఇటువైపే ఉండిపోతాడు. ఈ క్షమ పాత కథలోనిదే, ఒక్క ముడి విప్పలేదు. జడ విషయంలో నువ్వు అన్నదానికి నా జవాబు ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే సత్యభామను కూడా

పాప లేచి ఏడుస్తోంది. మిగతాది రేపు రాస్తాను.

నీ నేస్తం