తల్లి తిండి సంగతి కూడా అడగండి

సంపాదకులకు,

బిడ్డ ఎదగడం లేదంటే బిడ్డను తూస్తాం, ఏం పెడుతున్నారని ఆరా తీస్తాం. తల్లి తిన్నది కావాలని కక్కేస్తోందా అని అడిగేవాళ్లు అరుదు. లావవుతామన్న భయంతో తిండి మానేసే అనొరెక్సియా, అతిగా తిని కక్కేసే బులీమియా టీనేజీ అమ్మాయిల జబ్బులన్న అపోహ అంత గట్టిది. గర్భిణుల్లో బులీమియా వాంతులు వేవిళ్ల లెక్కలో కలిసిపోతాయి. వేవిళ్లు చాలామందికి 20 వారాలలోపు తగ్గిపోతాయి. ఆ తర్వాత కూడా భోజనం కాగానే తలుపేసుకుని వాంతి చేసుకుంటుంటే అనుమానించాలి. రక్తంలో పొటాషియం కూడా చూడాలి, పడిపోతే గుండె లయ తప్పుతుంది.

ఇలాంటి తిండి జబ్బులను పసిగట్టడానికి స్కాఫ్ అనే ఐదు ప్రశ్నల పరీక్ష ఉంది. రెండింటికి అవునంటే నిపుణుల దగ్గరికి పంపాలి. అయితే అందులో మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గారా అనే ప్రశ్న గర్భిణికి అంతగా పనికిరాదు. ఇంట్లోవాళ్ల ఎదుట అడిగితే నిజం రాదు. తూకంలో అంకె చూస్తే తిండి మానేసే తల్లిని, ఆమె ఒప్పుకుంటే, వీపు అటు తిప్పి నిలబెట్టి తూయవచ్చు.

గర్భంతో ఉండగా సర్దుకున్న జబ్బు కాన్పయ్యాక చాలామందిలో తిరగబెడుతుంది. ఆరు నెలలు నిండి బిడ్డకు ఘనాహారం మొదలయ్యేసరికి అసలు గొడవ బయటపడుతుంది. బిడ్డ చెంచా పట్టుకోబోతే తల్లి లాగేసుకుంటుంది, ముద్దముద్దకీ మూతి తుడుస్తుంది. బిడ్డ లావవుతుందేమోనని కొందరు పెట్టేది తగ్గిస్తారు, పొడిపాలు పలచన చేస్తారు. ఇది ప్రేమ లేక కాదు. ఒలకడం, చిందడం చూస్తే ఆమెకు అదుపు తప్పుతున్న భయం. బిడ్డ ఏడ్చి నోరు మూసుకుంటే ఆ భయం రెట్టింపవుతుంది. ఆకలి, కడుపు నిండడం తనకే తెలుస్తాయన్న నమ్మకం బిడ్డకు కుదరాల్సిన వయసు అది. బరువు పట్టికలో ఈ నష్టం కనిపించదు.

దీనికి మందు బిళ్ల లేదు కానీ దారి ఉంది. బ్రిటన్ మానసిక వైద్యుడు అలన్ స్టైన్ బృందం 2006లో వెల్లడించిన పరిశోధనలో బులీమియా తరహా జబ్బున్న 80 మంది తల్లులు పాల్గొన్నారు. తిండి పెడుతున్న వీడియోను తల్లితో కలిసి చూస్తూ 13 విడతలు మాట్లాడితే, భోజనవేళ తీవ్రమైన పెనుగులాట 24 శాతం తల్లీబిడ్డల జంటల్లోనే మిగిలింది. మామూలు కౌన్సెలింగ్ పొందినవారిలో అది 54 శాతం.

ఈ పద్ధతి నేర్చుకోవడం కష్టం కాదు. పది నిమిషాల భోజనం ఫోన్లో తీసి, ముందు బాగా సాగిన చోటు చూపించాలి. బిడ్డ చెయ్యి చాచిన చోట ఆపి, “ఇక్కడ పాప ఏమడుగుతోంది?” అనాలి. తప్పు ఎత్తిచూపితే తల్లి మళ్లీ రాదు. ఇంట్లో బిడ్డకు ఇంకో చెంచా ఇచ్చి, కింద పాత గుడ్డ పరచాలి. తుడవడం భోజనం అయ్యాక ఒక్కసారే. రోజుకు ఆరు నుంచి ఎనిమిది నెలల వరకు రెండు మూడు సార్లు, ఆ తర్వాత మూడు నాలుగు సార్లు పెట్టాలి. తల తిప్పుకుంటే ఆపేయాలి.

తల్లి జబ్బుకు చికిత్స కూడా పక్కనే సాగాలి. స్టైన్ బృందం రెండు వర్గాల తల్లులకూ ఆ సాయం అందించింది.

– తల్లులు, పసిపిల్లల మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసేవారు