కలరా ఉండల డబ్బా మీద రసాయనం పేరు రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఇంట్లో ఘాటు వాసన వచ్చే సరుకులు చాలానే ఉంటాయి: బ్లీచ్, యాసిడ్, ఫినాయిల్, పెయింట్ థిన్నర్, కలరా ఉండలు. ఈ లేఖలో రెండు ప్రమాదాల గురించే రాస్తున్నాం. డబ్బా మీద నాలుగు మాటలు సరిగ్గా అచ్చయితే చాలావరకు ఆగిపోయేవి అవే.

మొదటిది కలరా ఉండలు. చూడటానికి అన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి. లోపల ఉన్నది నాఫ్తలీన్ కావచ్చు, పారాడైక్లోరోబెంజీన్ కావచ్చు, కర్పూరమూ కావచ్చు. మూడూ కరగకుండానే ఆవిరవుతాయి. బట్టల పురుగును చంపే ఆ ఆవిరే మనిషి ఊపిరిలోకీ వెళ్తుంది. కానీ మూడూ చేసే హాని ఒకటి కాదు. కర్పూరం మింగిన పిల్లలకు నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. పసిపిల్లలకు ఒక్క గ్రాము కూడా ప్రాణాంతకం కాగలదు. నాఫ్తలీన్ నెమ్మదిగా పనిచేస్తుంది. ఒకటి రెండు రోజులు గడిచాక ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, ఒళ్లు పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి. మింగిన రోజున బిడ్డ హుషారుగా ఆడుకుంటున్నాడని ఊరుకుంటే విలువైన సమయం పోతుంది.

ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి నాఫ్తలీన్ మరీ ప్రమాదం. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువ. ఇలాంటి బిడ్డ ఉండను మింగనక్కర్లేదు. నెలల తరబడి ఉండల మధ్య దాచిన దుప్పటిని ఉతక్కుండా, ఎండలో ఆరవేయకుండా పురిటిబిడ్డకు చుట్టినా చాలు. ఆవిరి ఊపిరి ద్వారానూ చర్మం ద్వారానూ ఒంట్లోకి చేరుతుంది, ఒంటికి నూనె రాసి ఉంటే ఇంకా తేలిగ్గా చేరుతుంది. రక్తకణాలు పగిలి పచ్చకామెర్లు ముదిరితే, ఆ పగిలిన కణాల నుంచి పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం మెదడును శాశ్వతంగా దెబ్బతీయగలదు. యూరోపియన్ యూనియన్ 2008లోనే నాఫ్తలీన్ ఉండలను నిషేధించింది.

బిడ్డను తీసుకెళ్లగానే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, మింగింది ఏ రసాయనమని. పేరు లేని ఉండను గుర్తుపట్టే పరీక్ష ఒకటుంది. మామూలు నీటిలో తేలితే కర్పూరం. మునిగితే, 120 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో మూడు పెద్ద చెంచాల ఉప్పు బాగా కలిపి అందులో వేయాలి. ఇప్పుడు తేలితే నాఫ్తలీన్, మళ్లీ మునిగితే పారాడైక్లోరోబెంజీన్. డబ్బా మీద పేరు అచ్చయి ఉంటే ఈ పరీక్షకు పట్టే సమయం బిడ్డకు మిగులుతుంది. ఇంకొక సంగతి కూడా అక్కడే రాయాలి: విరుగుడు అనుకుని పాలు పట్టకూడదు. నాఫ్తలీన్ కొవ్వులో కరుగుతుంది, పాలతో మరింత త్వరగా ఒంటికి పడుతుంది.

రెండోది, బ్లీచ్ మీద యాసిడ్ పోయడం. మరక వదలకపోతే చాలామంది చేసే పనే ఇది. బ్లీచ్‌లోని సోడియం హైపోక్లోరైట్ క్షారంలో నిలకడగా ఉంటుంది. టాయిలెట్ క్లీనర్‌లోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగలగానే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. గొంతుక్కూర్చుని రుద్దుతున్న మనిషి ముఖం ఉండేదీ అక్కడే. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో బ్లీచ్ కలిసినా క్లోరమీన్ అనే విషవాయువులు పుడతాయి. ఘాటు పెరిగిందంటే మురికి వదులుతోందని అనుకోవడం వల్లే మనిషి అక్కడి నుంచి కదలడు. వాసనకు ముక్కు కొద్దిసేపట్లోనే అలవాటుపడుతుంది, ఊపిరితిత్తులు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఘాటు తగిలిన వెంటనే తలుపు తెరిచి బయటికి వచ్చేయాలి. నీళ్లు పోసి కడిగేద్దామని మళ్లీ లోపలికి వెళ్లకూడదు. అప్పటికి దగ్గు తగ్గినా, కొన్ని గంటల తరవాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. అందుకే ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండాలి.

మంత్రి గారూ, మేము కోరేవి ఇవి. ప్రతి డబ్బా మీద రసాయనం పేరు, ఎంత శాతం ఉందో, చదవగలిగే అక్షరాల్లో స్థానిక భాషలో ఉండాలి. నాఫ్తలీన్ డబ్బా మీద "పసిబిడ్డల బట్టల్లో పెట్టకూడదు" అని ముందువైపే రాయించండి, వెనకవైపు సన్న అక్షరాల్లో కాదు. బ్లీచ్ సీసా మీదా, యాసిడ్ సీసా మీదా రెండూ కలపకూడదని చెప్పే బొమ్మ ఉండాలి, చదువు రానివాళ్లకు అదే ఆధారం. ఈ సరుకులను మంచినీళ్ల సీసాల్లో నింపి అమ్మడాన్ని నిషేధించండి. పిల్లలు తెరవలేని మూతలను తప్పనిసరి చేయండి. కంపెనీలు మూతలు మార్చడానికి కొంత గడువు అడగవచ్చు, ఇవ్వండి. నాఫ్తలీన్ హెచ్చరికకు మాత్రం గడువు ఇవ్వవద్దు. దానికి కావలసింది ఒక స్టిక్కరే.

ఇట్లు,
గృహ రసాయనాల భద్రత, శిశు ఆరోగ్య రంగాల్లో పనిచేస్తున్నవారం