బ్లాక్ ట్యాపులకి అడ్వాన్స్ ఇవ్వమాక

ఒరే చిన్నోడా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశా, టైల్స్ బానే ఉన్నాయి, వంటింటి గ్రానైటు కూడా ఓకే, పైన బాత్రూముకి అనుకున్న ఆ మ్యాట్ బ్లాక్ ట్యాపుల సెట్టు మాత్రం వద్దురా. ఫోన్లో చెప్తే "కొత్త ఇళ్ళన్నిటికీ అవే వేస్తున్నారక్కా" అని నా నోరు మూయిస్తావని రాసి పంపుతున్నా. అమ్మకి కూడా చదివి వినిపించు, సెలెక్ట్ చేసేది నువ్వు, రోజూ తుడిచేది ఆవిడ.

మనది పిడుగురాళ్ళ, ఊరి చుట్టూ సున్నపు బట్టీలు, కింద అంతా సున్నపురాయి, ఆ రాళ్ళ మధ్య నుంచి వచ్చే బోరు నీళ్ళు ఎట్టా ఉంటాయో నీకు చెప్పాలా, కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. లండన్లో నేనేదో సుఖపడిపోతున్నా అనుకోమాక, ఇక్కడా అదే గోల. ఈ చుట్టుపక్కల భూమిలో సుద్దరాయి ఉంది, అదీ కాల్షియం కార్బొనేటే. కెటిల్ అడుగున తెల్లగా గార కట్టి టీలో రేకులు తేలతయ్.

ఇప్పుడు నేనుంటున్న ఫ్లాట్లో ఓనరు ముచ్చటపడి బ్లాక్ ట్యాపులే పెట్టించాడు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. నీటి చుక్క ఆరిపోయినా దాన్లో కరిగున్న కాల్షియం ఎక్కడికీ పోదు కదా, ఆరిన చోటల్లా గుండ్రంగా మచ్చ, నల్ల చొక్కా మీద విభూతి రాలినట్టు. పైగా ట్యాపు మొదట్లో బేసిన్‌కి అతుక్కునే చోట నీళ్ళు నిలిచి తెల్లగా చుట్టు కట్టుద్ది, గోకితే బ్లాక్ కోటింగే లేచొస్తది. వాడగానే పొడిగుడ్డతో తుడిస్తే ఏం కాదంటారు, నిజమే, మనింట్లో స్నానం చేసి ట్యాపు తుడిచొచ్చే మనిషెవరో చెప్పు.

మామూలు క్రోమ్ అంటే నీకు చిన్నచూపు గానీ అది మొండిఘటం. ఇత్తడి మీద నికెల్, దాని మీద పల్చగా క్రోమియం పూత, నున్నగా గట్టిగా ఉంటది. మచ్చలు దాని మీదా పడతయ్, కాకపోతే తడిగుడ్డతో చాలావరకు పోతయ్, తర్వాత ఒక్క ట్యాపు మార్చాల్సొచ్చినా జత దొరుకుద్ది. మచ్చ అసలు కనపడకూడదంటే బ్రష్డ్ ఫినిష్ తీసుకో, బ్రష్డ్ నికెల్ గానీ బ్రష్డ్ స్టీల్ గానీ, సన్నటి గీతల మధ్య మరక కలిసిపోద్ది. నా ఓటు దానికే. గోల్డ్ కావాలని మరదలు అడిగిందంటగా, అది పీవీడీనా పైన కొట్టిన వార్నిష్ లాంటి లక్కరా అని షాపాయన్ని అడుగు. పీవీడీ అంటే వ్యాక్యూమ్‌లో లోహాన్ని ఆవిరి చేసి పొరగా పట్టిస్తారు, ఆ బంగారు రంగు టైటానియం నైట్రైడ్‌దో జిర్కోనియం నైట్రైడ్‌దో, గట్టిగా నిలబడుద్ది. లక్కర్ అయితే గీతలు పడి ఊడొస్తది. వారంటీ కార్డులో ఫినిష్‌కి ఎన్నేళ్ళో లోపల నీళ్ళు వదిలి ఆపే కాట్రిడ్జ్‌కి ఎన్నేళ్ళో విడిగా చూసుకో, పెద్ద అక్షరాల్లో వేసేది కాట్రిడ్జ్‌దే అయ్యుంటది.

అమ్మా, ఇది నీకు. బాత్రూమ్ యాసిడ్ ట్యాపుల దగ్గరికి రానివ్వమాక, అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, క్రోమ్‌ని తినేస్తది, నేల మీద పోసినా ఆ పొగకి ట్యాపులు మసకబారతయ్. పనమ్మాయికి కూడా చెప్పు. క్రోమ్ మీద మరీ గారగా ఉంటే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి గుడ్డ ముంచి కాసేపు చుట్టి, వెంటనే మంచినీళ్ళతో కడిగి తుడిచెయ్. బ్లాక్‌కి, గోల్డ్‌కి అది కూడా వద్దు. స్టీలు పీచు దేనికీ వద్దు.

ఇంకోటి చిన్నోడా, బేసిన్ మీద బిగించేది కాకుండా గోడలోంచి వచ్చే మోడల్ తీసుకుంటే మొదట్లో నీళ్ళు నిలిచే బాధ తగ్గుద్ది. షవర్‌కి రబ్బరు లాంటి సిలికాన్ చుక్కలున్నది చూడు, వేలితో రుద్దితే గార రాలిపోద్ది. ట్యాపు మూతిలో జల్లెడ చేత్తో ఊడొచ్చేదయ్యుండాలి, అప్పుడప్పుడు తీసి వెనిగర్లో వేస్తే చాలు.

ప్లంబర్ పెన్ను లాంటి మీటర్ ముంచి చూపించేది టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగున్నవన్నీ కలిపిన లెక్క, కాల్షియం, మెగ్నీషియం లెక్క చెప్పే హార్డ్‌నెస్ వేరే, ల్యాబ్‌లో విడిగా టెస్ట్ చేయించు. తాగేనీళ్ళలో ఈ హార్డ్‌నెస్‌కి బీఐఎస్ (మన దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ) లెక్క లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. మనది 600 దాటిందంటే ఏ ఫినిష్ పెట్టినా పోట్లాటే, అప్పుడు ఆ గోల్డ్ డబ్బులు నీళ్ళలో కాల్షియం తీసేసే సాఫ్ట్‌నర్‌లో పెడదాం. అది ఉప్పుతో నడుస్తది, మొక్కల పైపు మాత్రం దానికి కలపొద్దు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సీసాలో మన బోరు నీళ్ళు తీసుకెళ్ళు. షాపులో బ్లాక్ పీసు మీద, క్రోమ్ మీద, బ్రష్డ్ మీద తలా నాలుగు చుక్కలు వేసి ఆరేదాకా కూర్చో. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీ. ఆరాక ఫొటో తీసి నాకు పంపు.

అక్క