సోమవారం రివ్యూ: లింక్ యాప్‌లోనే తెరవండి

అందరికీ నమస్తే 🙏
సోమవారం ఉదయం 10:30కి రివ్యూ మీటింగ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో. స్క్రీన్ షేర్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి బ్రౌజర్ వద్దు, యాప్‌లోనే రండి.

లింక్ నొక్కితే ముందు క్రోమ్‌లో ఒక పేజీ వస్తుంది. అది మామూలే. పైన వచ్చే చిన్న బాక్స్‌లో ‘ఆల్వేస్ అలో’కి టిక్ పెట్టి ఓపెన్ కొట్టండి, ఇక మళ్లీ అడగదు. కంగారులో క్యాన్సిల్ కొట్టి ‘కంటిన్యూ ఆన్ దిస్ బ్రౌజర్’ నొక్కారో, ట్యాబ్‌లోనే ఉండిపోతారు.

బాక్స్ అసలు రాకపోతే యాప్ ఉందో లేదో చూడండి. అన్నిటికంటే సులువు: యాప్ తెరిచి, క్యాలెండర్‌లోంచి జాయిన్ కొట్టడమే.

శుక్రవారం సాయంత్రంలోగా ఒకసారి చూసుకుని ఇక్కడ 👍 పెట్టండి. ఇన్‌స్టాల్ పర్మిషన్ లేనివాళ్లు ఈరోజే ఐటీకి టికెట్ వేయండి, సోమవారం 10:25కి కాదు 🙂