మంచం దిగలేని నా కొడుక్కి చూపించడానికి పాఠాలు ఇప్పించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

అయ్యా, మా అబ్బాయికి పన్నెండేళ్లు. కండరాల క్షీణత జబ్బు. బడి రిజిస్టర్లో ఏడో తరగతి, చదువు మాత్రం ఇంట్లో మంచం మీద. ఇంటి దగ్గరి చదువు సంగతి తమరికి నేను చెప్పేదేముంది? తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవచ్చని 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించింది మావాడి లాంటి పిల్లల కోసమే. ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రం నుంచి మేడం గారు వారానికోసారి వస్తారు. ఎండలో స్కూటీ మీద వచ్చి, వాడి కాళ్లూ చేతులూ ఆడించి, లెక్కలు చెప్పి వెళ్తారు. ఆవిడకి రెండు చేతులా దండం పెడతాను. మిగతా ఆరు రోజులూ వాడికి టీచర్ని నేనే. నేను ఇంటర్ చదివాను, జాకెట్లు కుడతాను.

తెలుగు, లెక్కలు ఎలాగో నెట్టుకొస్తున్నాను. సైన్సు, సోషల్ దగ్గరే నా వల్ల కావట్లేదు. ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చినప్పుడు కాగితానికి పసుపు రాసి సున్నపు తేట చుక్క వేశాను. అది ఎర్రగా మారగానే వాడి ముఖం వెలిగిపోయింది. కానీ గుండెలో రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతుందో వంటింట్లో నేనెలా చూపించగలను? బడికెళ్లే పిల్లలకి ల్యాబ్ ఉంటుంది, ఏడాదికోసారి టూరుంటుంది. మావాడికి ఉన్నది నా ఫోనొకటే.

పుస్తకంలో పాఠం పక్కన క్యూఆర్ కోడ్ ఉంది కదా అంటారు. ఉందయ్యా. ఒకటి నొక్కితే ఏమీ రాలేదు. ఇంకొకటి ఇంగ్లీషులో వచ్చింది. మరొకదాంట్లో పుస్తకంలో ఉన్న వాక్యాలే ఒకాయన గబగబా చదివి, "ఇది నాలుగు మార్కుల ప్రశ్న, గుర్తుపెట్టుకోండి" అన్నారు. పుస్తకం చదవడం మా వాడికొచ్చు. వాడికి కావాల్సింది చదివేవాళ్లు కాదు, చూపించేవాళ్లు.

అందుకే రాత్రి మిషన్ కట్టేశాక యూట్యూబ్‌లో వెతుకుతాను. పది చూస్తే ఒకటి పనికొస్తుంది. కాకతీయులని కొడితే సినిమా ముక్కలొస్తాయి. సగం చూశాక గానీ అది తప్పుల తడకని తెలియదు. ఒక్కోసారి నాకూ తెలియదు, అదే నా భయం. చంద్రుడి మీదికి మనిషి వెళ్లనే లేదని చెప్పే వీడియో ఒకటి పాఠమనుకుని వాడికి పెట్టాను. వారమంతా వాడు అదే నిజమన్నాడు. మేడం గారొచ్చి సర్దిచెప్పారు. నేను పెట్టానని కదా వాడు నమ్మింది!

నాగార్జునకొండ మా జిల్లాలోనే ఉంది. డ్యామ్ నీళ్లు ముంచెయ్యక ముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల కాలం నాటి కట్టడాలు కొన్నింటిని కొండ మీదికి, ఒడ్డునున్న అనుపు అనే చోటికి తరలించి నిలబెట్టారు. "అమ్మా, నీళ్ల కింద ఊరు ఎలా ఉండేది?" అని వాడడిగాడు. లాంచీ ఎక్కించి మ్యూజియంకి తీసుకెళ్లే వీలు మాకు లేదు. ఫోన్లో వెతికితే లాంచీలో సెల్ఫీలు, ఒడ్డున చేపల వేపుళ్లు. తవ్వినప్పుడు ఏం బయటపడిందో, దాన్ని పైకి ఎలా చేర్చారో వాడికి అర్థమయ్యేలా తెలుగులో చెప్పేది నా కంటికి ఒక్కటీ ఆనలేదు.

గుంటూరు సంగతీ అంతే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరొచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగుని రంగురంగుల గీతలుగా విడదీసి చూశాడు. హీలియం అనే వాయువుని కనుక్కున్న కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. సైన్సూ చరిత్రా కలిసి మన ఊళ్లోనే జరిగాయి. వెలుగుని గీతలుగా విడదీయడమంటే ఏమిటో మావాడికి చూపించడానికి నాలుగు నిమిషాల పాఠం కావాలి. ఎంత వెతికినా నాకు దొరకలేదు.

చదువు కోసమే ఎడ్యుశాట్ అని ఒక ఉపగ్రహాన్ని 2004లో మన శ్రీహరికోట నుంచే పైకి పంపారు. అంత చేసిన దేశంలో మా ఇంటికి ఒక పాఠం చేరకపోవడం నాకు కడుపు తరుక్కుపోతోందయ్యా.

సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడుసార్లూ "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అడుగుదామంటే ఎవర్ని అడగాలో చెప్పేవాళ్లు లేరు.

కొత్త పథకం పెట్టమని అడగట్లేదు. సైన్సూ సోషలూ తెలిసిన టీచర్లని కొందరిని కూర్చోబెట్టి, ఉన్న వీడియోల్లో ఏవి నిజమో, ఏవి ఏ పాఠానికో చూసి, వరసగా ఒక్క పట్టిక రాయించండి. లేనివి తెలుగులో తీయించండి. మా ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదు, పెన్‌డ్రైవ్‌లో వేసి భవిత మేడం గారి చేతికిస్తే చాలు. మాలాంటి ఇళ్లన్నిటికీ ఆవిడే తిరుగుతారు.

ఈ జబ్బు ఆగదని డాక్టర్ గారు చెప్పారు. ఇప్పుడు వాడు తల నిలబెట్టి ఫోన్ చూడగలుగుతున్నాడు. దయచేసి వచ్చే ఏడాదికి అనకండి. నాలుగో మెసేజ్ నాకొద్దు. నాగార్జునకొండ పాఠమొకటి, గుంటూరు గ్రహణం పాఠమొకటి, ముందు ఆ రెండూ పంపించండి.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక తల్లి