రాజ్‌విహార్ సందులోని భాయ్‌కి, బెంగళూరులోని నా శిష్యురాలికి

అందరికీ నమస్కారం. కర్నూలులో 13 ఏళ్లు ప్రైవేటు స్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను. ఇప్పుడు ఇదే ఊళ్లో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు, ప్రింటర్లు, నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్స్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. నిన్నటితో ఆరు నెలల ప్రొబేషన్ అయిపోయింది. ఉద్యోగం ఖాయం చేస్తూ లెటర్ ఇచ్చారు. ఆ కాగితం చేతికి రాగానే గుర్తొచ్చిన మనుషుల గురించి రాస్తున్నాను. పేర్లు లేకుండానే.

రెండేళ్ల కిందట దసరా సెలవులయ్యాక నా గొంతు పోయింది. అంతకుముందు సాయంత్రం పూట బొంగురుపోయేది, అప్పటినుంచి మొదటి పీరియడ్‌కే మాట పెగలడం మానేసింది. ఈఎన్‌టీ డాక్టరమ్మ సన్న కెమెరా పెట్టి చూసి, స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ వచ్చాయన్నారు. పార పట్టే చేతికి కాయలు కాసినట్టే, గట్టిగా మాట్లాడీ మాట్లాడీ అక్కడా కాయలు కాస్తాయట. భయపడాల్సిన జబ్బు కాదని తెలిసి కుదుటపడ్డాను. కానీ గుసగుసగా మాట్లాడినా గొంతుకు శ్రమేనని ఆమె చెప్పినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. 60 మంది పిల్లలు, రోజుకు ఏడు పీరియడ్లు, మైకు లేదు. స్పీచ్ థెరపీతో తగ్గింది గానీ, మళ్లీ అదే పనికి పోతే మళ్లీ వస్తుందన్నారు.

ఆ ఏడాది పదో తరగతి పిల్లల్ని మధ్యలో వదిలేయలేకపోయాను. మా స్కూల్లో మ్యాథ్స్ చెప్పే అక్క తన ఖాళీ పీరియడ్లన్నీ నాకే ఇచ్చింది. కటకాలు, విద్యుత్ ప్రవాహం పాఠాలకు నేను బోర్డు మీద బొమ్మలు వేసేదాన్ని, తను పక్కన నిలబడి మాట్లాడేది. ముందు రోజు రాత్రి నా నోట్సు తీసుకెళ్లి చదువుకుని వచ్చేది. పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా అలాగే నడిపించింది. అక్కా, ఆ పిల్లలు మీకెంత రుణపడ్డారో నేనూ అంతే.

ఇక భాయ్. రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఒక సందులో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఆయనది. స్కూలు ప్రింటర్ బాగు చేయించడానికి వెళ్లినప్పటి పరిచయం, అంతే. నా పరిస్థితి విని, ‘‘మేడమ్, మధ్యాహ్నం మూడు నుంచి వచ్చి కూర్చోండి. ఫీజు గీజు ఏం లేదు. సైన్స్ చెప్పినారు కదా, మీకు తొందరగా వస్తుంది’’ అన్నారు. పది నెలలు కూర్చున్నాను.

మొదటి రోజు మూడు పాడైన సీపీయూలు ముందు పెట్టి విప్పమన్నారు. ర్యామ్ తీసి పెట్టడం, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పనిచేస్తుందో లేదో చూడటం, ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద రాసుకోవడం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ‘‘ముందు కస్టమర్ చెప్పేది మొత్తం వినాల, తర్వాత ప్లగ్గు చూడాల, స్క్రూడ్రైవర్ ఆఖర్న’’ అనేవారు. ఇప్పటికీ ఆ వరస తప్పను.

ఒకసారి ఒక కుర్రాడు సీపీయూ తెచ్చాడు. ఏ వెబ్‌సైట్ తెరిచినా సురక్షితం కాదని హెచ్చరిక వస్తోంది. వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేయమన్నాడు. భాయ్ నన్ను పిలిచి తెర మూలన తేదీ చూడమన్నారు. చాలా ఏళ్ల వెనకటి తేదీ ఉంది. మదర్‌బోర్డు మీద, కంప్యూటర్ ఆపేసినా గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ తీసి మల్టీమీటర్ పెడితే, 3 వోల్టులు ఉండాల్సింది సగం కూడా లేదు. వెబ్‌సైట్ అసలైనదేనని చూపే సర్టిఫికెట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. కంప్యూటర్ తేదీ తప్పితే అవి చెల్లవనుకుంటుంది. 2032 నంబరు బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అయిపోయింది. అన్నేళ్లు క్లాసులో బోర్డు మీద గీసిన విద్యుత్ ఘటం గుర్తు ఆ రోజు నా వేళ్ల మధ్య ఉంది. ఆ సంతోషం ఇంకా తాజాగానే ఉంది.

ఒక లాయరు గారి గుమాస్తా వచ్చి, కొత్త కంప్యూటర్‌లో తన తెలుగు ఫైళ్లన్నీ ఇంగ్లీషు అక్షరాలై పోయాయని బెంబేలెత్తిపోయారు. అవి అను ఫాంట్లలో కొట్టినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో లోపలి అక్షరాలు అలాగే బయటపడతాయి. ఫైళ్లు చెడిపోలేదు. ఆయన దగ్గరున్న అను సాఫ్ట్‌వేర్ వేస్తే తెలుగు తిరిగొచ్చింది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌కూ, అను ఫాంట్లకూ తేడా ఏమిటో ఆయనకు కాగితం మీద రాసి చూపించే పని భాయ్ నాకే అప్పజెప్పారు.

రంజాన్ నెలలో రోజా ఉండి, తాను గుక్కెడు నీళ్లు ముట్టకుండా, నా గొంతు ఎండకూడదని ఫ్లాస్కులో వేడినీళ్లు తెప్పించి బల్ల మీద పెట్టేవారు. ఇది నేను మరిచిపోలేను.

బెంగళూరులో, కంప్యూటర్ ఫిర్యాదులు తీసుకునే సర్వీస్ డెస్క్‌లో పనిచేసే అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివింది. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు కాల్ చేసేది. తను మాట్లాడేది, నేను గొంతుకు శ్రమ లేకుండా చాట్‌లో టైప్ చేసేదాన్ని. ఒక్కో ఫిర్యాదునూ నమోదు చేసే టికెట్ ఎలా రాయాలో నేర్పింది. ‘‘మేడమ్, నెట్ రావట్లేదు అని మాత్రమే టికెట్‌లో రాస్తే తర్వాతి షిఫ్ట్ వాళ్లకు ఏం తెలుస్తుంది? ఎప్పటినుంచి, ఎన్ని సిస్టమ్స్‌లో, మీరేం చేసి చూశారు, ఏమైంది, అన్నీ రాయండి. మీరు మాతో ప్రయోగాల రికార్డు రాయించారు కదా, అట్లా’’ అంది. నేను రాసిన ప్రతి టికెట్‌నూ ఎర్ర రంగుతో దిద్ది పంపేది. కంప్యూటర్ రిపేరు, సపోర్టు పనులకు ఉండే ఏ ప్లస్ సర్టిఫికేషన్ సిలబస్ ఉచితంగా దొరుకుతుందని చెప్పిందీ తనే. దానికి రాయాల్సిన రెండు పరీక్షల ఫీజు కట్టే స్తోమత నాకు లేదు. సిలబస్‌లోని ఒక్కో అంశాన్నీ పట్టుకుని చదివాను. డబ్బు లేదని ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అలా మొదలుపెట్టండి.

మా అత్తమ్మ పాపను చూసుకోబట్టే నేను షాపుకు వెళ్లగలిగాను. పాపను పిలవాలంటే నేను అరవకూడదని నా చేతికి ఒక స్టీలు గ్లాసు, చెంచా ఇచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో ఆ చప్పుడు వినిపిస్తే పాప పరుగెత్తుకొస్తుంది.

ఆసుపత్రి ఇంటర్వ్యూలో నెట్ రాని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. చూస్తే ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కు ఉండే నంబరు, 169.254తో మొదలైంది. నంబరు ఇచ్చే సర్వర్ నుంచి జవాబు రాకపోతే విండోస్ తనకు తానే పెట్టుకునే నంబరు అది. కేబుల్ వెంబడే వెళ్లి చూస్తే, గోడ వైపు కనెక్టర్‌లో ఒక తీగ ఊడింది. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం... భాయ్ నాతో ఎక్కంలా వల్లె వేయించిన తీగల రంగుల వరస. కొత్త కనెక్టర్ వేశాను. మా మేనేజర్ గారు టీచింగ్ ఎందుకు మానేశారని అడిగితే గొంతు సంగతి దాచకుండా చెప్పాను. ‘‘ఇక్కడ అరవాల్సిన పని లేదమ్మా, ఫోన్‌లో మెల్లగా మాట్లాడితే చాలు’’ అన్నారు. 39 ఏళ్ల వయసులో, అనుభవం కాగితం ఒక్కటీ లేని నన్ను నమ్మినందుకు ఆయనకు నమస్కారాలు.

చేరిన మొదటి వారంలోనే బిల్లింగ్ కౌంటర్ సిస్టమ్‌ను అడగకుండా రీస్టార్ట్ చేశాను. సేవ్ కాని 11 బిల్లులు పోయాయి. తప్పు పూర్తిగా నాదే. కౌంటర్‌లోని చెల్లెలు ఎవరి మీదా అరవకుండా, భోజనం మానుకుని అన్నీ మళ్లీ ఎక్కించింది. చెల్లీ, ఆ రోజు నుంచి ‘సేవ్ చేశారా’ అని అడగకుండా ఏ సిస్టమ్‌నూ ముట్టలేదు.

భాయ్, ఈ శుక్రవారం నాకు డ్యూటీ లేదు. నమాజు అయ్యాక షాపుకు వస్తాను. ఆ పాత ప్రింటర్‌కు కావాలన్న రోలర్ దొరికింది, తెస్తున్నాను. నా కోసం బల్ల దగ్గర స్టూలు ఉంచండి.